స్ట్రైపర్ 1986 ఆల్బమ్‌పై అప్పటి సమీక్షలు ఎక్కడ దొరుకుతాయి?

కాలిఫోర్నియాకు చెందిన క్రైస్తవ హెవీ మెటల్ (హోరెత్తే రాక్ సంగీతం) బృందం స్ట్రైపర్ 1986లో విడుదల చేసిన 'టు హెల్ విత్ ద డెవిల్' ఆల్బమ్ గురించి తెలిసినవారి సాయం కావాలి. అమెరికాలో అది పది లక్షల అమ్మకాలు దాటి ప్లాటినం గుర్తింపు పొందింది. అందులోని 'ఆనెస్ట్‌లీ' పాట అమెరికా పాటల ర్యాంకుల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 23వ స్థానానికి చేరింది. గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది.

మరోవైపు, పసుపు నలుపు చారల దుస్తులు, పొడవాటి జుట్టు, వేదిక మీది నుంచి ప్రేక్షకులకు బైబిల్ కొత్త నిబంధన ప్రతులు విసరడం, ఇవేవీ టీవీ సువార్తికుడు జిమ్మీ స్వాగర్ట్ లాంటివారికి మింగుడుపడలేదు. దేవదూతలు సాతానును అగాధంలోకి తోస్తున్న మొదటి ముఖచిత్రాన్ని తీసేసి, సాదా నల్ల అట్ట వేశారు. నా మటుకు ఆ మొదటి బొమ్మే పాటలకు సరిగ్గా సరిపోయింది!

నా సందేహం ఇది: అభ్యంతరం బొమ్మ మీదా, సంగీతం మీదా? 1986-87 నాటి అమెరికా క్రైస్తవ పత్రికల సమీక్షలు చదవాలని ఉంది. పాత సంచికలు డిజిటల్ రూపంలో ఎక్కడైనా ఉన్నాయా? మొదటి అట్టతో వచ్చిన ఎల్పీ రికార్డు అసలుదో కాదో గుర్తించే పద్ధతి తెలిస్తే అదీ చెప్పండి.