ఆకు సారం అకార్బోజ్‌ను మించిపోయింది: ఈ ఫలితాన్ని నమ్మొచ్చా?

ప్రశ్న:
టైప్ 2 డయాబెటిస్ కోసం ఒక ఆకు సారం పరీక్షలో ఉంది. నీడన ఆరిన పొడి 100 గ్రాములు, 70 శాతం ఇథనాల్ ఒక లీటరు, 48 గంటల నానబెట్టడం, 45 డిగ్రీలు దాటకుండా రోటరీ ఎవాపరేటర్‌లో ఇగిర్చడం. 15 గ్రాముల సారం వచ్చింది. చక్కెరలను గ్లూకోజ్‌గా విడగొట్టే ఎంజైమ్ ఆల్ఫా గ్లూకోసిడేజ్. ఈస్ట్ నుంచి తీసిన ఆ ఎంజైమ్ మీద సారం ఐసీ50 (దాని పనిని సగానికి ఆపే గాఢత) అకార్బోజ్ అనే డయాబెటిస్ మందు కంటే చాలా తక్కువ. ఇక ఎలుకల దగ్గరికి వెళ్లొచ్చా?

జవాబు 1:
ఇప్పుడే వద్దండి. ఈస్ట్ ఎంజైమ్ మీద అకార్బోజ్ ప్రభావం చాలా బలహీనం. దానికి బాగా లొంగేవి పేగు గోడలోని ఎంజైమ్‌లు. అందుకే ఈస్ట్ మీద దాన్ని ఓడించడం గెలుపు కాదు. ఎలుక పేగు నుంచి తీసిన ఎంజైమ్ తీసుకోండి, మాల్టోజ్, సుక్రోజ్ విడివిడిగా ఇవ్వండి, విడుదలైన గ్లూకోజ్‌ను గ్లూకోజ్ ఆక్సిడేజ్ పద్ధతిలో కొలవండి.

ఈస్ట్ పరీక్షలోనూ బ్లాంక్‌లు (సారం సొంత రంగును తీసేయడానికి ఎంజైమ్ లేకుండా నడిపే గుంటలు) సరిచూసుకోండి. పీఎన్‌పీజీ (ఎంజైమ్ విడగొడితే రంగు వచ్చే పదార్థం) నుంచి వచ్చే పసుపు రంగును 405 నానోమీటర్ల దగ్గర చదువుతాం, ఆకు సారమూ అక్కడే కాంతిని పీలుస్తుంది. పైగా చర్యను ఆపడానికి సోడియం కార్బోనేట్ పడగానే సారంలోని పాలీఫినాల్స్ అనే మొక్క రసాయనాలు గోధుమరంగుకు తిరుగుతాయి. ప్రతి గాఢతకూ ఎంజైమ్ లేని బ్లాంక్ ఉండాలి, అందులోనూ కార్బోనేట్ పడాలి.

జవాబు 2:
నా అనుమానమంతా టానిన్ల మీదే, అంటే ఆకుకు వగరునిచ్చే పాలీఫినాల్స్ మీదే. 70 శాతం ఇథనాల్ వాటిని బాగా లాగేస్తుంది. అవి దొరికిన ప్రోటీన్‌నల్లా పట్టుకుని గడ్డకట్టిస్తాయి, ఎంజైమ్ ఆగినట్టే కనిపిస్తుంది. ప్లేటును వెలుతురుకు ఎత్తి చూడండి: గాఢత ఎక్కువున్న గుంటల్లో పలచటి తెల్లటి మసక కనిపిస్తే అదే సంగతి. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము బీఎస్ఏ (ఆవు రక్తం నుంచి తీసే ఆల్బుమిన్ ప్రోటీన్) కలిపి మళ్లీ చేయండి. నిరోధం చాలావరకు మాయమైతే అది టానిన్ల పనే అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు సారాన్ని టానిన్లను పట్టుకునే పీవీపీపీ పొడితో కలియబెట్టి, టానిన్లు తీసేశాక మిగిలిందాన్నే కొలవాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇవన్నీ దాటితే స్ట్రెప్టోజోటోసిన్ ఎలుకలేనా (ఆ మందుతో డయాబెటిస్ తెప్పించినవి)?

జవాబు 3:
అక్కర్లేదు. పెద్ద మోతాదు స్ట్రెప్టోజోటోసిన్ ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలనే చంపేస్తుంది, అది టైప్ 1కు దగ్గర. మీ ప్రశ్న పేగుది కనుక ఆరోగ్యమైన ఎలుకలు చాలు. రాత్రంతా పస్తు ఉంచి, సారంతో పాటే కిలోకు 2 గ్రాముల సుక్రోజ్ తాగించండి. 0, 30, 60, 120 నిమిషాలకు తోక రక్తం చూడండి. మరో గుంపుకు సుక్రోజ్ బదులు అంతే గ్లూకోజ్, దాన్ని విడగొట్టే పని ఉండదు కనుక. సుక్రోజ్ గుంపులో చక్కెర తగ్గి, గ్లూకోజ్ గుంపులో తగ్గకపోతేనే మీ ఎంజైమ్ వాదన నిలుస్తుంది. రెండింటిలోనూ తగ్గితే దారి వేరే.

మోతాదు మాత్రం ముందే లెక్కేసుకోండి. ఎలుకకు కిలోకు 500 మిల్లీగ్రాములంటే, ఎలుక (ర్యాట్) మోతాదును మనిషికి మార్చే 6.2తో భాగిస్తే మనిషికి కిలోకు సుమారు 80 మిల్లీగ్రాములు. అంటే 60 కిలోల మనిషికి 4.8 గ్రాముల సారం, మీ దిగుబడి ప్రకారం 32 గ్రాముల ఎండు ఆకు. మాత్రగా మింగించగలిగే లెక్క కాదిది. ఎలుకకు కిలోకు 100 మిల్లీగ్రాముల దగ్గర ఫలితం కనిపించకపోతే, ముందు సారాన్ని భాగాలుగా విడగొట్టి పనిచేసే భాగాన్ని పట్టుకోండి.