అమృతపాణి ఇన్నేళ్లయినా తెగులుకు ఎందుకు గట్టిపడలేదు?

లంకతోట:
మాది కొత్తపేట దగ్గర లంక ఊరు. తోట నాన్నది, నాది మందుల షాపు. పోయినేడు నాన్న తెలిసినాయన దగ్గర అమృతపాణి పిలకలు తెచ్చి అరెకరంలో వేశారు. ఏడో నెల దాకా చూడముచ్చటగా ఉంది. తర్వాత కింది ఆకులు అంచుల నుంచి పసుపు తిరిగి, కాడ దగ్గర విరిగి, బోదె చుట్టూ పాత గొడుగు బట్టలా వేలాడాయి. నిన్న ఒక బోదె నరికి చూశాం. తెల్లగా ఉండాల్సిన చోట ఎర్రమట్టి రంగు చుక్కలు, వలయాలుగా. దుంప కోస్తే అందులోనూ అదే రంగు. పనామా తెగులే అన్నారు చూసినవాళ్లంతా. పక్క మడిలో కర్పూర చక్కెరకేళి మాత్రం నిక్షేపంగా ఉంది.

మందు అడగట్లేదు, లేదని తెలుసు. ఇంటర్ బైపీసీ బుర్రతో ఒక సందేహం. బీపీటీ వరిలో ఎండాకు తెగులు తట్టుకునే రకం వచ్చింది కదా. అమృతపాణి మా ముత్తాత కాలం నుంచీ వేస్తున్నాం. ఇన్నేళ్లలో ఒక్క చెట్టయినా గట్టిపడాలి కదండీ? పరిణామం అరటికి వర్తించదా?

రాజు 216:
ఎందుకు బ్రదర్ టెన్షన్, జి-9 టిష్యూ కల్చర్ మొక్క వేసేయండి. దానికి ఈ తెగులు రాదు.

పాత పట్టకారు:
నేను సైంటిస్టును కాను. వరి పరిశోధనలో ముప్పై ఏళ్లు సంకరం చేసిన చేతిని. సాయంత్రం పూట వెన్ను తీసుకుని ఒక్కో గింజ కొసను కత్తెరతో కత్తిరించడం, లోపలి ఆరు పుప్పొడి తిత్తులను పట్టకారుతో లాగడం, కాగితం సంచి తొడగడం. మర్నాడు ఎండెక్కాక తండ్రి మొక్క వెన్ను తెచ్చి దాని మీద దులపడం. ఒక్క తిత్తి మిగిలినా శ్రమంతా దండగ. ఇప్పుడు చూపు తగ్గింది కానీ వేళ్లకు ఆ పని ఇంకా గుర్తుంది.

మీరు చెప్పిన బీపీటీ, అంటే బాపట్ల సాంబ మసూరిలో తెగులు తట్టుకునే ఆ రకం 2008లో విడుదలైంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ, వరి పరిశోధన సంస్థ కలిసి చేశాయి. అందులో ఎండాకు తెగులును ఆపే జీన్లు మూడు. వాటిలో ఎక్స్‌ఏ-21 అనేది ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిది. ఎక్కడి మాలి, ఎక్కడి బాపట్ల! వరి పూస్తుంది, పుప్పొడి పనిచేస్తుంది, గింజ కడుతుంది కాబట్టే అది కుదిరింది.

తెగులును పసిగట్టే ఈ జీన్లు చాలావరకు క్రోమోజోముల మీద గుంపులుగా, ఒకేలాంటివి పక్కపక్కనే ఉంటాయి. పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు జంట క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. ఒకేలాంటివి కదా, ఒక్కోసారి సర్దుబాటు తప్పుతుంది. ఒక జీన్ రెండవుతుంది, సగం ఇదీ సగం అదీ కలిసి కొత్తది పుడుతుంది. చాలావరకు పనికిరావు. ఒకటి తగులుతుంది.

మీ అమృతపాణికి ఆ వీలే లేదు. దానికి క్రోమోజోములు మూడేసి. మూడు జంట కట్టలేవు, అందుకే గింజ లేదు. అడవి అరటిపండు కొరికితే పళ్ల కింద గులకరాళ్లలా గింజలు తగులుతాయి. మనవాళ్లు గింజలేనిదాన్నే ఏరి పిలకలతో పెంచుకుంటూ వచ్చారు. పిలక బిడ్డ కాదండీ, అదే చెట్టు ఇంకో చోట. మీ ముత్తాత వేసిందీ మీ నాన్నగారు వేసిందీ ఒకటే మొక్క అనుకోండి. రమ్మీలో మొదట పంచిన ముక్కలతోనే ఇప్పటికీ ఆడుతోంది. కర్పూర చేతిలో వేరే ముక్కలున్నాయి, నిలబడింది.

రాజు గారికి: జి-9 తట్టుకునేది ఈ తెగులులో పాత జాతిని. టీఆర్4 అనే జాతి దాన్నీ పడగొడుతుంది. బీహార్‌లోని కటిహార్, పూర్ణియా వైపు అది వచ్చింది. పనామా తెగులుకు గ్రో మిషెల్ అనే పాత అరటి రకం పోయాకే ప్రపంచం క్యావెండిష్ అనే రకానికి మారింది. మీ జి-9 కూడా క్యావెండిషే.

లంకతోట:
బాగా అర్థమైంది మాస్టారూ. కానీ ఇంకో మెలిక. ఈ తెగులు తెచ్చే బూజు కూడా విత్తు లేకుండానే పెరుగుతుందని చదివాను. దానికీ పేక కలిపే వీలు లేనప్పుడు అదెలా గెలుస్తోంది?

బూజమ్మ:
ఆ బూజు పేరు ఫ్యుసేరియం, నా పనే దాని మీద కాబట్టి దూరుతున్నా. మంచి ప్రశ్న అండీ. దీనికి లైంగిక దశ ఉన్నట్టు ఎవరూ చూడలేదు. టీఆర్4 దాదాపు ఒకే క్లోన్. అయితే మీ తోటలో అమృతపాణి మొక్కలు కొన్ని వందలే కదా, గుప్పెడు మట్టిలో దాని బీజాలెన్నో! అరటి ఒక గెల వేసేలోపు దానికి తరాలకు తరాలు గడుస్తాయి. దేన్లో ఏ తప్పు కలిసొచ్చినా చాలు. ఇంకో దొంగదారీ ఉంది. టమాటాను పట్టే ఫ్యుసేరియం నుంచి ఏ హానీ చేయని ఫ్యుసేరియానికి ఒక చిన్న క్రోమోజోము మొత్తంగా దాటితే, అది కూడా టమాటాను పట్టిందని 2010లో చూపించారు. పెళ్లి లేదు, కట్నం మాత్రం వచ్చింది.

అరటి ఏమీ మారదనడం కూడా సరికాదు. తైవాన్‌లో టిష్యూ కల్చర్ మొక్కల్లో తేడాగా వచ్చినవాటిని తెగులు నేలలో నాటి, నిలబడ్డవాటిని ఏరి రకాలుగా వదిలారు. టీఆర్4ను కొంత తట్టుకుంటాయి. కానీ అవి అనుకోకుండా వచ్చిన మార్పులు. ఒకదానికి గట్టితనం, ఇంకోదానికి రుచి వస్తే రెంటినీ కలపడానికి దారి లేదు. అసలు వింత ఆస్ట్రేలియాలో. అడవి అరటి నుంచి ఆర్‌జీఏ2 అనే జీన్ తీసి క్యావెండిష్‌లో పెట్టారు, 2024లో అనుమతి వచ్చింది. తీరా చూస్తే ఆ జీన్ క్యావెండిష్‌లోనూ ఉంది! పని చేయడమే బాగా తక్కువ. మాస్టారి రమ్మీలో జోకరు చేతిలోనే బోర్లా ఉందన్నమాట.

పాత పట్టకారు:
కట్నం మాట బాగుందమ్మా. ఒక్క అరటిని చూసి సూత్రం కట్టకూడదు గానీ, ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ అనే పువ్వుల్లోనూ ఇలాగే కనిపించింది. ఒకే ప్రజాతిలో కొన్ని మొక్కలు జీన్లను కలుపుకుంటాయి, కొన్ని గింజ కట్టినా తల్లి నకళ్లనే కంటాయి. బూజు గోడను కరిగించే చైటినేజ్ జీన్‌లో, కలుపుకునే మొక్కల్లో మాత్రం పనికొచ్చే మార్పులు ఎంపికైన జాడ ఉంది. నకళ్లలో లేదు.

లంకతోట గారూ, ఆ నరికిన కత్తి, గడ్డపార కర్పూర మడిలోకి తీసుకెళ్లారా?

లంకతోట:
కత్తి వెళ్లలేదు. చెప్పులు వెళ్లాయి. ఇప్పుడే కడిగాను.

పిలకలిచ్చినాయన పొద్దున్న ఫోన్ చేసి ఇంకో ముప్పై ఉన్నాయి పంపనా అన్నారు. వద్దన్నాను. నాన్న నాకు చెప్పకుండా వెళ్లి మూడు తెచ్చి, దొడ్లో నీళ్ల తొట్టె పక్కన నాటారు. అడిగితే, దీపారాధనకు కర్పూర పెట్టినా అమృతపాణి పెట్టినా ఒకటేనా అన్నారు.