చర్చ: ఇంటి బయట ఫెంగ్‌షుయి – కొలను ఏ దిక్కున? వీధిపోటుకు ఏం చేశారు?

పెరటి_పచ్చ
ఇల్లు పూర్తయింది. ఇప్పుడు బయటి స్థలం సర్దుకుంటున్నాం. వీధి తిన్నగా వచ్చి మా గేటుకే తగులుతుంది. వెనుక పెరడు ఇంటికన్నా పల్లం, చివర గోడ కూడా పొట్టిది. వాకిలికి సూటిగా ఒక పెద్ద చెట్టు ఉంది, కొట్టించడానికి మనసొప్పడం లేదు. చిన్న కొలను తవ్వించాలని కోరిక. ఫెంగ్‌షుయి (చైనా వాస్తు) పాటిస్తున్నవాళ్లు మీ అనుభవం చెప్పండి.

నీటి_గలగల
మిగతావి ఎవరైనా చెబుతారు, నేను కొలను సంగతే చెబుతాను. ఫెంగ్‌షుయి లెక్కలోని ఎనిమిదో కాలంలో నీరు నైరుతిలో ఉండాలన్నారని రాతి అంచు కట్టించి కలువలు వేశాం. ఇల్లు కళకళలాడింది. తీరా 2024లో తొమ్మిదో కాలం వచ్చింది కాబట్టి నైరుతి నీరు చెడ్డదైపోయిందట, పూడ్చేసి ఉత్తరాన తవ్వుకోవాలట! చెప్పింది కూడా ఆ మొదటి సలహాదారుడే. కలువ దుంపలు వేళ్లూనుకుని, చేపలు పిల్లలు పెట్టి, కప్పలు చేరాక ఇప్పుడు మట్టి పొయ్యమంటే ఎలా? తవ్వించే ముందు ఈ మాట అడిగి తెలుసుకోండి.

లోపాన్_సాధకుడు
ఈ విద్యను గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడిగా చెబుతున్నాను, అది సలహాదారుడి ఇష్టం కాదు, లెక్క. ఒక్కో కాలం 20 ఏళ్లు, తొమ్మిది కాలాలు కలిస్తే 180 ఏళ్ల చక్రం. ఎనిమిదో కాలం 2004 నుంచి 2023 దాకా నడిచింది. 2024 ఫిబ్రవరి 4న తొమ్మిదోది మొదలైంది. అంకెలను దిక్కులకు పంచే లోషు చదరంలో 8 ఈశాన్యం, దానికి ఎదురు నైరుతి, అందుకే అప్పుడు నీరు నైరుతిలో. 9 దక్షిణం, దానికి ఎదురు ఉత్తరం, అందుకే ఇప్పుడు ఉత్తరంలో. పుస్తకం తిరగేసిన ప్రతివారూ నీటి గురించి మాట్లాడటం వల్లే ఈ గందరగోళం.

కొండవాలు
లెక్క సరే, నేల మాటేమిటి? లోపాన్ అనే ఫెంగ్‌షుయి దిక్సూచికన్నా ముందున్నది నేల ఆకారం చూసే రూప సంప్రదాయం. చైనా పండితుడు గువో పు పేరు మీద ఉన్న పాత గ్రంథం చెప్పేది ఒక్కటే: చీ, అంటే ప్రాణశక్తి, గాలికి చెదురుతుంది, నీటి దగ్గర నిలుస్తుంది. అంటే గాలి ఎటు కొడుతోంది, వాన నీరు ఎటు జారుతోంది, ముందు అది చూడాలి. దిక్సూచి ఆ తర్వాత. బాగా నిలిచిన కొలనును తేదీ మారిందని పూడ్చమనేవాడు నేలను ఎన్నడూ చూడనివాడు.

లోపాన్_సాధకుడు
కొండవాలు గారూ, రూపం వద్దని నేను ఎక్కడన్నాను? రెండూ కలిస్తేనే విద్య. సగం తెలిసి మొత్తం కొట్టిపారేయకండి.

నీటి_గలగల
మీరు పూడ్చమంటున్నారా, వద్దంటున్నారా? ఒక్క మాటలో చెప్పండి చాలు.

లోపాన్_సాధకుడు
ఇంటి ముఖం, కట్టిన కాలం, ఇంటికి వేసే ‘నక్షత్రాల’ అంకెల పటం చూడకుండా చెప్పను. ఎవరైనా చెబితే నమ్మకండి.

కొండవాలు
అడిగినప్పుడు లెక్క అన్నారు, తేల్చమంటే పటం అంటున్నారు. ఇదే నాకు ఒళ్లు మండే సంగతి.

గాజుకన్ను
కొలను గొడవ పక్కన పెట్టండి. మా ఎదురింటివారు గేటు మీద ఉబ్బెత్తు బాగువా అద్దం (ఎనిమిది గుర్తుల చట్రం ఉన్నది) బిగించారు, అది నేరుగా మా వాకిలి వైపు చూస్తోంది. మా ఇంటి మూల వారి తలుపుకు గురిపెట్టినట్టు ఉందట, ఆ షాను, అంటే చెడు శక్తిని, వెనక్కి కొడుతున్నారట. వెనక్కి కొడితే అది ఎవరి మీద పడుతుంది? పిల్లలు రోజూ ఆ గుమ్మంలోంచే బడికి వెళ్తారు. ఏం చేయాలో చెప్పండి.

మందార_కంచె
గాజుకన్ను గారూ, మీరూ అద్దం పెట్టకండి, అక్కడితో ఆగదు. మీ ప్రహరీ లోపల గుబురుగా పెరిగే పొదలు వరుసగా వేయండి. అద్దానికి మీ వాకిలి కనబడకపోతే సరి. వీధిపోటుకు మేము చేసిందీ అదే. గేటు కదిలించలేదు, గేటు నుంచి గుమ్మానికి వెళ్లే బాట మాత్రం వంపు తిప్పాం, వంపు దగ్గర మోకాలెత్తు పొదలు పెట్టాం. ఇదివరకు రాత్రిపూట వాహనాల వెలుగు నేరుగా హాలు గోడ మీద పడేది, ఇప్పుడు పొదలకే ఆగిపోతుంది. షా అనండి, ఇంకేమైనా అనండి, ఇంట్లో నిద్ర పడుతోంది.

రాతిమనిషి
వీధిపోటుకు పొదలు చాలవు. చైనాలో ఇలాంటి చోట ‘షి గన్ దాంగ్’ అని చెక్కిన రాయి నిలబెడతారు. జపాన్‌లోని ఒకినావాలో ఇప్పటికీ వీధి చివరి గోడల్లో అలాంటి రాళ్లు కనబడతాయి. బరువైన రాయి, నేలలో పాతుకున్న రాయి పనిచేస్తుంది. మా గేటు పక్కన నిలువు బండ ఒకటి పాతించాం, ఆ తర్వాతే ఇంట్లో మాటామాటా అనుకోవడం తగ్గింది. అలంకారానికి పెట్టే గులకరాళ్ల కుప్పతో ఆ పని జరగదు.

సూదిమొన
అసలు దిక్కు సరిగ్గా చూశారా? గేటు దగ్గర ఫోను పట్టుకుని ‘ఉత్తరం ఇదే’ అనేవాళ్లను చాలామందిని చూశాను. ఇనుప గేటు, ఆగిన కారు, గోడలోని ఇనుప చువ్వలు, అన్నీ సూదిని లాగుతాయి. లోపాన్‌లో ‘పర్వతం’ అనే ఒక్కో దిక్కు భాగం 15 డిగ్రీలే, సూది కాస్త జరిగితే పక్క భాగంలో పడతారు. ఇనుముకు దూరంగా నిలబడి, రెండు మూడు చోట్ల చూసి, అన్నీ కలిస్తేనే నమ్మండి.

ఎనిమిది_గడులు
దిక్సూచే అక్కర్లేదు! మేము బాగువా గడుల పటాన్ని స్థలం మీద పరిచి, గేటున్న అంచును కింది వరుసగా తీసుకుంటాం. లోపలికి వస్తూ చూస్తే దూరపు ఎడమ మూల సంపద, దూరపు కుడి మూల దాంపత్యం. అక్కడ పూల మొక్కలు జంటగా పెట్టుకున్నాం. ఇంతకన్నా ఏం కావాలి?

లోపాన్_సాధకుడు
అది లిన్ యున్ అనే గురువు అమెరికాలో ప్రచారం చేసిన పద్ధతి, ఇరవయ్యో శతాబ్దపుది. పాత విద్యతో కలపకండి.

ఎనిమిది_గడులు
కొత్తదైతే తప్పా? మీ తొమ్మిదో కాలం మొదలై ఎన్నాళ్లయిందండీ?

పెరటి_పచ్చ
అందరికీ ధన్యవాదాలు, కానీ మా వెనుక పల్లం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. వాన పడితే పెరటి మట్టి గోడ కిందికి జారుతోంది.

కొండవాలు
అన్నింటికన్నా ముందు చూడాల్సింది అదే. ఇంటి వెనుక నల్ల తాబేలు ఉండాలి, అంటే ఆనుకోవడానికి ఎత్తు. అలాగే ఎడమన డ్రాగన్, కుడిన పులి అనే ఎత్తులు, ముందు మింగ్‌తాంగ్ అనే ఖాళీ ముంగిలి. మీకు ఆ వీపే లేదు. హాంకాంగ్ పల్లెల్లో ఇళ్ల వెనుక కొండవాలున ఫెంగ్‌షుయి వనాలని ఇప్పటికీ ఉన్నాయి, తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చారు. ఆ చెట్లు చలిగాలిని ఆపుతాయి, మట్టి జారకుండా పట్టుకుంటాయి. మీరూ పల్లం అంచున మెట్లుగా మట్టి కట్టించి, చివర గట్టి వేళ్ల చెట్లు వరుసగా వేయండి. నీరు పోయే దారి మూయకండి. గోడ ఎత్తు పెంచినంత మాత్రాన మట్టి ఆగదు, తడిసిన మట్టి తోసిందంటే గోడే పడుతుంది.

మందార_కంచె
వెదురు వేయమనేవాళ్లు వస్తారు, జాగ్రత్త. పాకే రకమైతే వేళ్లు గోడ కిందుగా పక్కింట్లో తేలతాయి. గుంపుగా పెరిగే రకమే అడిగి తెచ్చుకోండి.

లోపాన్_సాధకుడు
ఒక ముఖ్యమైన మాట. 2026 గుర్రం ఏడాది, ఏడాదికి అధిపతి అనే తాయ్‌సూయ్ దక్షిణంలో ఉంటుంది, ఎదురున్న ఉత్తరం సుయ్‌పో. దక్షిణంలో కీడు చేసేదనే ఐదో పసుపు నక్షత్రం కూడా ఉంది. ఈ ఏడాది ఈ రెండు దిక్కుల్లోనూ నేల తవ్వకండి.

నీటి_గలగల
నీరు ఉత్తరంలో ఉండాలి, ఉత్తరం మాత్రం తవ్వకూడదు! మరి నీళ్లు గాల్లో నిలబెట్టాలా? నా కొలను నేను పూడ్చను, ఇది నా నిర్ణయం.

లోపాన్_సాధకుడు
కోపం అక్కర్లేదు. తవ్వితేనే నేల కదిలినట్టు. పెద్ద తొట్టి తెచ్చి నేల మీద పెట్టుకుంటే ఆ దోషం లేదు. కొలను వచ్చే ఏడాది ఆలోచించవచ్చు.

పెరటి_పచ్చ
ఇది నచ్చింది. ఉత్తరాన తొట్టి పెట్టి కలువలు వేస్తాను.

కొండవాలు
భూమధ్యరేఖకు ఉత్తరాన ఉంటే ఇంటి నీడ ఆ వైపే ఎక్కువ పడుతుంది. రోజుకు ఐదారు గంటల ఎండ లేకపోతే కలువకు ఆకులే తప్ప పూలు రావు. మీ వాకిలి ఎదుటి చెట్టు కిందికి మాత్రం తొట్టిని చేర్చకండి, రాలిన ఆకులు కుళ్లి నీరు నల్లబడుతుంది.

నీటి_గలగల
నిలిచిన నీటిలో వారం పది రోజుల్లోనే దోమలు పుట్టుకొస్తాయి. చిన్న పంపు పెట్టి నీరు కదిలేలా చూడండి, లేదా దోమ పిల్లలను తినే చిన్న చేపలను వదలండి. పంపు మరీ పెద్దది కొనకండి, ఆ హోరుకు చేపలు మూలకు నక్కుతాయి.