క్లౌడ్ సర్వర్‌కు మార్చినంక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి మెయిల్స్ పోతలేవు

ప్రశ్న:
వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ల ఆడ్తి దుకాణం సాఫ్ట్‌వేర్ ఇది, మెయిల్స్ పంపే పీహెచ్‌పీమెయిలర్ అనే కోడ్ లైబ్రరీతో నడుస్తది. పత్తి కాంటా కాంగనే తక్‌పట్టీ (అమ్మకం చీటీ) పీడీఎఫ్ జీమెయిల్ ఖాతా నుంచి ఖరీదుదారుకు పోవాలె. క్లౌడ్ సర్వర్‌ల పోర్ట్ (మెయిల్ పోయే దారి నంబర్) 25 పెడితే టైమవుట్. 587 పెడితే 'రాంగ్ వెర్షన్ నంబర్'. 'ఎస్‌ఎంటీపీ సెక్యూర్' (మెయిల్ పంపే ఎస్‌ఎంటీపీ పద్ధతికి తాళమేసే సెట్టింగ్) కాడ 'ఎస్‌ఎస్‌ఎల్' అని ఉన్నది. అదే పాస్‌వర్డ్‌తో బ్రౌజర్‌ల లాగిన్ అయితంది.

జవాబు 1:
రెండూ వేరే వేరే లొల్లులు. 25ను మర్చిపోండ్రి. స్పామ్ భయానికి చాలా క్లౌడ్ కంపెనీలు బయటికి పోయే 25ను మూసే పెడ్తయి, కోడ్‌ల ఎంత గెలికినా తెరుసుకోదు.

587 కాడ ముచ్చట తాళం (ఎన్‌క్రిప్షన్) లేకుంటనే మొదలైతది. సర్వర్ '220' (తయారుగున్న) అంటది, మనం 'ఈహెచ్‌ఎల్‌ఓ' (పలకరింపు) అంటం, 'స్టార్ట్‌టీఎల్‌ఎస్' అన్నంకనే తాళం పడ్తది. 'ఎస్‌ఎస్‌ఎల్' పెడితే మొదటి బైట్ నుంచే టీఎల్‌ఎస్ తాళం రావాలని చూస్తది. ఆ '220' అక్షరాలనే వెర్షన్ అనుకొని తప్పు పడ్తది. 587కు 'టీఎల్‌ఎస్', 465కు 'ఎస్‌ఎస్‌ఎల్'. 465 మీద తాళం లేకుంట పోతే ఎర్రర్ గూడ రాదు, టైమవుట్ దాకా గట్లనే కూసుంటది. ఎస్‌ఎంటీపీ డీబగ్ 2 పెట్టి చూడుండ్రి, ఏ మాట కాడ ఆగిందో కనబడ్తది.

జవాబు 2:
గది సాఫైనంక 535 5.7.8 (లాగిన్ చెల్లలేదు అనే ఎర్రర్) వస్తది, ఇప్పుడే చెప్తున్న. బ్రౌజర్ పాస్‌వర్డ్ ఈడ చెల్లదు. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ (సాఫ్ట్‌వేర్ కోసం గూగుల్ ఇచ్చే వేరే పాస్‌వర్డ్) తీసుకోండ్రి. నడుమ ఖాళీలు కొట్టకున్నా అయితది. అసలు పాస్‌వర్డ్ మార్చిన రోజు యాప్ పాస్‌వర్డ్‌లు అన్నీ పోతయి, యాది పెట్టుకోండ్రి.

ప్రశ్న అడిగినవారు:
535 వచ్చింది, యాప్ పాస్‌వర్డ్‌తో మెయిల్ పోయింది. 'ఫ్రమ్'ల దుకాణం డొమైన్ అడ్రస్ పెట్టినా అవతల జీమెయిల్ అడ్రసే కనబడ్తంది అన్నా.

జవాబు 1:
ఆ అడ్రస్‌ను జీమెయిల్ సెట్టింగ్స్‌ల 'సెండ్ మెయిల్ యాజ్' కాడ కలపకుంటే అదే మార్చేస్తది. నన్నడిగితే డొమైన్‌కు వేరే ఎస్‌ఎంటీపీ సర్వీస్ తీసుకొని ఎస్‌పీఎఫ్ (ఏ సర్వర్లు మన డొమైన్ పేరు మీద పంపొచ్చో చెప్పే రికార్డు), డీకిమ్ (మెయిల్ మీద డొమైన్ సంతకం) పెట్టుకోండ్రి. పాత ఎస్‌పీఎఫ్ రికార్డు ఉంటే దాంట్లనే కలపాలె. రెండు రికార్డులుంటే రెండూ చెల్లవు.

ఉత్త జీమెయిల్‌కు రోజుకు 500 హద్దు. దసరా దాటి పత్తి మోపైన దినాన అది సాలకపోవచ్చు. మెయిల్స్‌ను క్యూల పెట్టుండ్రి: 4తో మొదలయ్యే కోడ్ వస్తే కొద్దిసేపాగి మళ్ల పంపాలె, 5తో వస్తే ఆపి లాగ్ చూడాలె.