ముద్ర లేకుండా ‘ఆర్గానిక్’ అని అమ్మనివ్వాలా?

ఒంగోలు అమ్మ
మా చిన్నవాడి కోసం ఏడాదిగా ‘ఆర్గానిక్’ అని పెద్ద అక్షరాలున్న బియ్యం కొంటున్నాను, మామూలు సన్నబియ్యానికి దాదాపు రెట్టింపు ధర పెట్టి. మొన్న సంచి తిప్పి చూస్తే సేంద్రియ సరుకుకు వేసే ప్రభుత్వ ముద్ర ‘జైవిక్ భారత్’ లేదు, పండించిన ఊరి పేరైనా లేదు. కొట్టు యజమానిని అడిగితే ‘మాకు తెలిసిన రైతే’ అన్నాడు. 2017 నాటి ఆహార భద్రత నిబంధనల ప్రకారం సేంద్రియమని అమ్మే సరుకుకు ఎన్‌పీఓపీ (బయటి సంస్థ తనిఖీ చేసి ఇచ్చేది) గానీ, పీజీఎస్ (రైతులే బృందంగా ఏర్పడి ఒకరినొకరు తనిఖీ చేసుకునేది) గానీ, ఏదో ఒక ధ్రువీకరణ ఉండాలి. అది లేని సరుకును ఆ పేరుతో ఎవరూ అమ్మకూడదని నా వాదన.

కోవూరు కాలువ రైతు
మీ కోపం న్యాయమేనమ్మా. కానీ ‘ఎవరూ’ అనకండి. చిన్న రైతు గానీ చిన్న రైతుల సంఘం గానీ తినేవారికి నేరుగా అమ్మితే ధ్రువీకరణ అక్కర్లేదని అవే నిబంధనలు చెబుతున్నాయి. ఆ మినహాయింపు తీసేస్తే ముందు మునిగేది నాలాంటివాళ్లం.

నాకు రెండెకరాల మాగాణి. ఆరేళ్లుగా యూరియా ముట్టలేదు. పేడతో చేసే ఘనజీవామృతం, వేపకషాయాలతోనే పండిస్తున్నాను. అయితే మాది కాలువ కింద పొలం. పై మడి నిండితేనే కింది మడికి నీరు. పై రైతు ఉదయం యూరియా చల్లితే సాయంత్రానికి ఆ నీరు నా గట్టు దాటుతుంది. ధ్రువీకరణకు వెళితే, పక్క పొలం మందు తగలకుండా మధ్యలో జాగా వదలమంటారు తనిఖీకి వచ్చేవారు. రెండెకరాల్లో ఎంత వదలను? నీరు వచ్చే మూల గుంట తవ్వి, గడ్డి పెంచి, ఆ నీటిని కొంతసేపు అక్కడ ఆపి వదులుతున్నాను. కొనేవారు వచ్చి చూసుకోవచ్చు. కాగితం మీద అది ఎలా రాస్తారో నాకు తెలియదు.

పొదలకూరు నిమ్మతోట
చిన్న రైతుకు వెసులుబాటు మన దగ్గరే కాదు. అమెరికాలో ఏడాదికి 5,000 డాలర్లకు మించి సేంద్రియ సరుకు అమ్మనివారికి ధ్రువపత్రం అక్కర్లేదు. పద్ధతులు మాత్రం పాటించాల్సిందే, ప్రభుత్వ ముద్ర వేసుకోకూడదు. నాకు నచ్చింది ఆ గీత.

ముద్రను మరీ దేవుడిని చేయడం కూడా నాకు ఇష్టం లేదు. మన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ అనే క్రిములను చంపే రసాయనం దొరకడంతో 2021 చివర ఐరోపా సమాఖ్య అయిదు భారతీయ ధ్రువీకరణ సంస్థలను తన జాబితా నుంచి తీసేసింది. ధ్రువపత్రాలన్నీ ఉన్న సరుకే అది! ఒళ్లు వంచి నిజాయితీగా పండించిన రైతు కూడా దాని ఫలితం అనుభవించాడు. ముద్ర చెప్పేది పండించిన పద్ధతి గురించి. గింజలో మందు అవశేషం ఉందో లేదో పరీక్షే తేల్చాలి.

పైగా రసాయనాలు మాని సేంద్రియానికి మారే కాలం ఒకటి ఉంది. వరి లాంటి పైరుకు రెండేళ్లు, మా నిమ్మ లాంటి తోటలకు మూడేళ్లు. ఆ మూడేళ్లూ దిగుబడి తగ్గుతుంది, కాయ మాత్రం మామూలు ధరకే పోతుంది. ఆ నష్టం ఎవరు భరించాలో కూడా మాట్లాడుకుందాం.

ఒంగోలు అమ్మ
రైతు నేరుగా అమ్మే సంగతి ఒప్పుకుంటున్నాను. నా మాట మార్చుకుంటాను: కొట్టు మెట్టు ఎక్కిన సంచికి ముద్ర ఉండి తీరాలి. మధ్యలో ఇద్దరు చేతులు మారాక ‘తెలిసిన రైతు’ అన్న మాటకు విలువేముంది? కోవూరు రైతు గారూ, పీజీఎస్‌లో అయిదుగురు రైతులు కలిసినా చాలంటున్నారు కదా, మీరెందుకు చేరలేదు?

దర్శి మెట్ట
నేను చెబుతాను. అందులో ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేయాలి. ఊళ్లో వాళ్లంతా బావలు, వియ్యంకులు. మందు కొట్టాడని రాస్తే రేపు పెళ్లిలో ముఖం చూసుకోవాలి. పరాయివాడు తనిఖీ చేస్తేనే నిజం బయటపడుతుంది.

కోవూరు కాలువ రైతు
పరాయివాడు ఏడాదికి ఒకసారి వస్తాడు. పక్క మడివాడు రోజూ చూస్తాడు. మందు డబ్బా మూత తీస్తే వాసన నాలుగు గట్ల దాకా వస్తుంది, దాచడం ఎలా?

అమ్మా, అయిదుగురు దొరక్క చేరలేదు. నలుగురమయ్యాం. అయిదో మనిషి పై మడి రైతే కావాలి. ఆయన మారితే నీటి బెడద తీరుతుంది. ఈ రబీలో అరెకరం చేసి చూస్తానన్నాడు. కోతల నాటికి మీ అబ్బాయిని తీసుకుని రండి. ముందు ఆ గుంట దగ్గరికే తీసుకెళతాను.