లేతు బెడ్డును గ్రైండింగుకు పంపాలా, లెవెల్ సరిచేస్తే చాలునా?

ప్రశ్న – ఆదోని టర్నర్

పెద్దలకు నమస్కారం. జిన్నింగ్ మిల్లుల రోలర్ షాఫ్టులు తిప్పే మా ఎనిమిది అడుగుల లేతులో (లోహపు కడ్డీని తిప్పుతూ చెక్కే యంత్రం), చక్ (కడ్డీని పట్టి తిప్పే భాగం) వైపు సరిగా ఉన్న షాఫ్టు వ్యాసం టెయిల్‌స్టాక్ (రెండో చివరను ఆనించే భాగం) వైపు పోయేకొద్దీ పెరుగుతోంది. టెయిల్‌స్టాక్‌ను పక్కకు జరిపి సరిచేసినా తేడా పూర్తిగా పోలేదు. చక్ దగ్గర బెడ్డు (ఈ భాగాలన్నీ కూర్చునే పొడవాటి పీఠం) మీద వేలికి తెలిసేంత అరుగుదల కూడా ఉంది. బెడ్డు విప్పి బెంగళూరుకు గ్రైండింగుకు (అరిగిన తలాన్ని రాచి చదును చేయడానికి) పంపమని కొందరు, ముందు లెవెల్ చూడమని కొందరు చెబుతున్నారు. ఏది ముందు చేయాలో దయచేసి తెలుపగలరు.

సమాధానం – మెషీన్ ఫిట్టర్, అనంతపురం

ముందు లెవెలే చూడండి. మీటరుకు 0.02 మిల్లీమీటరు చూపే లెవెల్ కావాలి. తాపీపనివారి లెవెల్ ఇందుకు పనికిరాదు. దాన్ని అదే చోట తిప్పిపెట్టినా బుడగ అదే తేడా చూపాలి. చక్ దగ్గరి అరిగిన భాగం మీద కాకుండా, సాడిల్ (టూలును మోస్తూ బెడ్డు మీద జరిగే భాగం) తిరగని టెయిల్‌స్టాక్ గైడ్‌ల (అది జరిగే పట్టాల) మీద, సమానమైన దిమ్మెలు వేసి, బెడ్డుకు అడ్డంగా రెండు చివరలా పెట్టి పోల్చండి. రెండు చోట్లా బుడగ ఒకేలా నిలవకపోతే బెడ్డు మెలి తిరిగిందని అర్థం.

టెయిల్‌స్టాక్ వైపు మన ముందరి అంచు దిగితే సాడిల్ మన వైపు వాలి, టూలు షాఫ్టుకు దూరమై, కొలత పెరుగుతుంది. సెంటర్ ఎత్తూ గైడ్‌ల మధ్య దూరమూ దాదాపు సమానంగా ఉన్న లేతులో ఆ అంచు 0.01 మిల్లీమీటరు దిగితే వ్యాసంలో 0.02 మిల్లీమీటరు తేడా వస్తుంది. మీ లక్షణం దీనికి సరిపోతోంది.

లెవెల్ సరిచేశాక, టెయిల్‌స్టాక్ ఆనించకుండా చక్‌లో లావుపాటి కడ్డీ బిగించి, దాని రెండు చివరలా రెండు పట్టీలను (చుట్టూ ఉబ్బెత్తుగా వదిలిన భాగాలను) ఒకే సెట్టింగులో పలచటి కట్‌తో తిప్పి కొలవండి. అప్పటికీ తేడా వస్తే హెడ్‌స్టాక్ (చక్‌ను తిప్పే పెట్టె) అమరికనో, అరుగుదలనో చూడాలి. చక్ దగ్గర సాడిల్ వదులుగా ఉండి, జిబ్ (సాడిల్ వదులు తీసే పట్టీ) బిగిస్తే అటు చివర పట్టేస్తుంటే, అది అరుగుదలే.

సమాధానం – వర్క్‌షాపు యజమాని, కర్నూలు

మీ షెడ్డు నల్లరేగడి మీద ఉందా? ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పలచటి కాంక్రీటు మీద నిలిపిన లేతు ఎన్నిసార్లు సరిచేసినా కాలం మారగానే మళ్లీ తప్పుతుంది. గట్టి నేల తగిలేదాకా తవ్వి పునాది వేయించడమే నా దృష్టిలో మొదటి ఖర్చు. రేకుల షెడ్డులో మధ్యాహ్నపు ఎండ బెడ్డుకు ఒకవైపే తగిలితే బుడగ నిలవదు కాబట్టి ఉదయమే కొలవండి.

సమాధానం – మెషీన్ ఫిట్టర్, అనంతపురం

పునాది మాట నిజం. చివరికి గ్రైండింగే అవసరమైతే ఒకటి ముందే మాట్లాడుకోండి: బెడ్డు నుంచి ఎంత తీస్తే సాడిల్ అంత దిగుతుంది, దానితో ఏప్రన్ (సాడిల్ ముందు వేలాడే గేర్ల పెట్టె) దిగి లీడ్‌స్క్రూ (మరలు కోసేటప్పుడు సాడిల్‌ను నడిపే పొడవాటి మర) వరుస తప్పుతుంది. సాడిల్ కింద టర్‌సైట్ (జారుడు ప్లాస్టిక్) పట్టీ అతికించి, స్క్రేపింగ్ చేసి (చేత్తో సన్నగా గీకి సరిచేసి) ఆ ఎత్తు తిరిగి తెచ్చేవారికే పని ఇవ్వండి. గ్రైండర్ మీద బెడ్డును వంచి బిగిస్తే, విప్పగానే ఆ వంపు గైడ్‌లలోకి వస్తుందని కూడా వారికి చెప్పండి.