అప్‌డేట్: పిల్లి, పక్కింటి తాతగారి తగువు

మొన్న అడిగాను కదా, మా పాప కోసం గీస్తున్న బొమ్మల కథలో పక్కింటి తాతగారు ప్రతిసారీ పిల్లి చేతిలో ఓడిపోతుంటే పాప జాలిపడి నవ్వడం మానేసిందని. మీరన్నట్టే ఆయన్ని ఒకసారి గెలిపించాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఈసారి కథలో డాబా మీద పాత చీర పరిచి తాతగారు గుమ్మడి వడియాలు పెట్టారు. పిల్లి వాటి మీంచి నడిచింది, నాలుగు కాళ్లకీ మినప్పిండి! ఆ తెల్లటి అడుగుల వెంటే వెళ్లి ఆయన దాన్ని అటక మీద పట్టేశారు. పాప పడీపడీ నవ్వింది, నా ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు బడిలో ఒడియా స్నేహితులకి చూపించాలట, పిల్లి పేరు ‘బిలేయి’ (ఒడియాలో పిల్లి అనే) అని మార్చమంటోంది. మారుస్తాను. ‘టామ్ అండ్ జెర్రీ’లో పిల్లి పేరు కూడా అలా మారిందే: 1940లో వచ్చిన మొదటి కార్టూన్‌లో టామ్ పేరు జాస్పర్.